పడే వాయువు, తిరిగే పళ్లెం

1796లో ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ సౌరకుటుంబం పుట్టుకను ఇలా ఊహించాడు: నెమ్మదిగా తిరిగే వాయు మేఘం కుంచించుకుపోతూ, వేగం పుంజుకుంటూ, అంచున వలయాలు విడిచింది. అంతకు 41 ఏళ్ల ముందే తత్వవేత్త కాంట్‌కూ దాదాపు ఇదే తోచింది. చిక్కు లెక్కల దగ్గర వచ్చింది. సౌరకుటుంబం ద్రవ్యరాశిలో 99.8 శాతం సూర్యుడిదే. కోణీయ ద్రవ్యవేగంలో మాత్రం అతడి వాటా ఒక్క శాతం కూడా లేదు. మరి మేఘంలోని తిరుగుడంతా ఎటు పోయినట్టు? జవాబు దొరక్క 20వ శతాబ్దం తొలినాళ్లలో ఆ సిద్ధాంతం మూలపడింది.

దాన్ని మళ్లీ లేపినవి కంప్యూటర్లు, రేడియో దుర్భిణులు. 1977లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ షు ఒక ముఖ్యమైన మాట చెప్పాడు: మేఘం కూలడం నడిమధ్యలో మొదలవుతుంది, ఆ కబురు శబ్దవేగంతో పై పొరలకు పాకుతుంది. 1984లో టెరెబీ, షు, క్యాసెన్ ఈ లెక్కకు తిరుగుడును జోడించారు. దూరపు పొరల్లో తిరుగుడు ఎక్కువ, అవి వచ్చి చేరేది ఆలస్యంగా. కాబట్టి శిశు నక్షత్రం చుట్టూ తిరిగే వాయు పళ్లెం రానురాను వెడల్పవుతుంది.

అయితే మేఘాలు నిజంగా ఎంత తిరుగుతున్నాయి? 1993లో అలిస్సా గుడ్‌మన్ బృందం అమ్మోనియా రేడియో గీతలతో కొలిచి చూసింది. తిరుగుడు శక్తి గురుత్వ శక్తిలో 2 శాతం దగ్గర తేలింది. మేఘాన్ని కూలకుండా ఆపడానికి అది చాలదు. కానీ పడే వాయువు కేంద్రానికి సగం దూరం దగ్గరయితే తిరిగే వేగం రెట్టింపవుతుంది, అపకేంద్ర బలం ఎనిమిది రెట్లవుతుంది. గురుత్వం పెరిగేది నాలుగు రెట్లే. ఎక్కడో ఒకచోట పడటం ఆగి, చుట్టూ తిరగడం మొదలవ్వాల్సిందే.

ఆ చోటు వృషభ రాశి దిక్కున, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలోని ఎల్1527 అనే శిశు నక్షత్రం దగ్గర కనిపించింది. దాని వాయు తొడుగు పడుతూనే తిరుగుతోందని 1997లో ఒహాషి బృందం చూపింది. లోపల నక్షత్రం చుట్టూ కెప్లర్ నియమం ప్రకారం తిరిగే పళ్లెం ఉందని 2012లో టోబిన్ బృందం పట్టుకుంది. 2014లో నామి సకాయ్ బృందం చిలీలోని ఆల్మా దుర్భిణితో ఇంకా దగ్గరికి వెళ్లింది. నక్షత్రం నుంచి, భూమి-సూర్యుల దూరానికి దాదాపు వంద రెట్ల దూరంలో ఒక కర్బన అణువు జాడ ఉన్నట్టుండి మాయమైంది. అక్కడే సల్ఫర్ మోనాక్సైడ్ వెలిగింది. పడుతూ వచ్చిన వాయువు అక్కడ అడ్డు తగిలి వేడెక్కుతోంది. రెండు శతాబ్దాలు కాగితం మీదే ఉన్న హద్దుకు ఒక రసాయనం ఆనవాలు పట్టింది. ఈ చరిత్రలో ఇంతకన్నా అందమైన ఘట్టం లేదు.

చిక్కులు తీరిపోలేదు. మేఘంలోని అయస్కాంత బలరేఖలు తిరుగుడును లాగేసి పళ్లేన్నే పుట్టనివ్వవని 2003 నాటి లెక్కలు తేల్చాయి. రేఖలు వాలి ఉండటం, వాయువు అల్లకల్లోలంగా ఉండటం, అందులో విద్యుదావేశం తక్కువ కావడం ఆ పట్టును సడలిస్తాయని తర్వాతి పరిశోధనలు అంటున్నాయి.

2022 నవంబరులో జేమ్స్ వెబ్ దుర్భిణి తీసిన ఎల్1527 చిత్రంలో నారింజ, నీలి రంగుల డమరుకం కనిపిస్తుంది. దాని నడుము దగ్గర సన్నని నల్లటి గీత ఉంది. అంచు వైపు నుంచి కనిపిస్తున్న ఆ పళ్లెం మీదికి వాయువు ఇంకా వచ్చి పడుతూనే ఉంది.