ఆపరేషన్‌తో ఆగిన కాన్పులు: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంతాన రేటు తగ్గిన తీరు

ముందు మరణాలు తగ్గుతాయి, కొంతకాలానికి జననాలు తగ్గుతాయి. ఈ రెండింటి మధ్య కాలంలోనే జనాభా వేగంగా పెరుగుతుంది. వారెన్ థాంప్సన్ 1929లోనూ, ఫ్రాంక్ నోట్‌స్టీన్ 1945లోనూ ప్రతిపాదించిన జనాభా పరివర్తన సిద్ధాంతం సారం ఇదే. జననాలు ఎందుకు తగ్గుతాయంటే పరిశ్రమలు, పట్టణాలు, చదువులు అన్నది దాని సమాధానం. కేరళ అనుభవం దీనికి స్త్రీల అక్షరాస్యతను, ఆలస్యంగా జరిగే పెళ్లిళ్లను జోడించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ చట్రంలో ఇమడదు.

1991లో కేరళలో స్త్రీల అక్షరాస్యత 86 శాతం. మన దగ్గర 33 శాతం లోపే. 2005-06 నాటికి కూడా 20-24 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం సంతాన రేటు (ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య) 1992-93లో 2.6 ఉండగా, 1998-99లో 2.25కు, 2005-06లో 1.8కి దిగింది. తరం స్థానంలో తరం నిలవడానికి కావలసిన 2.1 కన్నా ఇది తక్కువ.

ఇది ఎలా సాధ్యమైంది? పదహారు, పదిహేడేళ్లకు పెళ్లి, ఏడాది రెండేళ్లలో తొలిచూలు, వెంటనే మలిచూలు, ఆ కాన్పుతోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. మన పల్లెల్లో ఎన్నో ఇళ్లలో జరిగింది ఇదే. ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఎక్కువమందికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఇక్కడ స్త్రీలు కాన్పులను వాయిదా వేయలేదు, త్వరగా ముగించారు. కేరళతో మనకున్న అసలు తేడా ఇది.

ప్రభుత్వ క్యాంపులు, లక్ష్యాలు, నగదు ప్రోత్సాహకాలు ఇందులో పెద్ద పాత్రే పోషించాయి. కానీ ఆపరేషన్ వద్దనుకునే తల్లిని ఏ ఆరోగ్య కార్యకర్తా ఇన్నేళ్లపాటు ఒప్పించలేదు. సంపద ఒకప్పుడు పిల్లల నుంచి పెద్దలకు చేరేదనీ, ఆ ప్రవాహం తిరగబడినప్పుడు కాన్పులు తగ్గుతాయనీ జనాభా శాస్త్రవేత్త కాల్డ్‌వెల్ వాదించాడు. కూలి ఇంట్లో ఆ మలుపు స్పష్టంగా కనిపిస్తుంది: పశువులు కాయాల్సిన పిల్లాడు బడికి పోతే ఒక కూలి పోతుంది, ఫీజు, పుస్తకాలు, ఆటో ఖర్చు మీద పడతాయి. అక్షరం రాని తల్లి కూడా ఆ లెక్క వేసుకుంది. తన చదువు కన్నా పిల్లల చదువు మీద పెట్టుకున్న ఆశే ఆమెను నడిపించిందని నా అభిప్రాయం.

దీని మూల్యం మాత్రం స్త్రీలే చెల్లించారు. అదే జాతీయ సర్వే 2019-21 విడతలో, విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లోని వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ అయినవారు. మగవాళ్ల ఆపరేషన్ అయిన వేసెక్టమీ వాటా ఒక శాతం కూడా లేదు. మాత్రలు, లూప్, కండోమ్ అన్నీ కలిపినా రెండు శాతం దాటలేదు. పెళ్లికి, ఆపరేషన్‌కు నడుమ కాన్పుల మధ్య ఎడం పాటించే వెసులుబాటు స్త్రీకి దక్కలేదు.

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994లో చట్టం చేసిన రాష్ట్రమే 2024 నవంబరులో ఆ నిబంధనను ఎత్తేసింది. ఈ మార్పు వెనుక ఉన్న, వృద్ధుల వాటా పెరుగుతున్నదన్న ఆందోళన న్యాయమైనదే. కానీ నిన్న ఇద్దరు చాలన్నవారు నేడు ఇంకొకరిని కనమన్నా, ఆ మాట వెళ్లేది మళ్లీ స్త్రీ దగ్గరికే. లక్ష్యాలు మార్చే ముందు మన ప్రభుత్వాలు తాత్కాలిక పద్ధతులను ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అందుబాటులో ఉంచాలి, వేసెక్టమీకి మగవాళ్లను ఒప్పించాలి, ఎంతమందిని ఎప్పుడు కనాలన్న నిర్ణయాన్ని ఆమెకే వదిలేయాలి.