ఎడమవైపు కడుపునొప్పి: రోచెస్టర్ నుంచి మఫ్రఖ్ దాకా

పెద్దపేగు గోడలో రక్తనాళాలు దూరే చోట్లు బలహీనంగా ఉంటాయి. లోపలి ఒత్తిడికి అక్కడ పొర బయటికి ఉబ్బి చిన్న సంచులు కడుతుంది. ఆ సంచులు వాస్తే డైవర్టిక్యులైటిస్. ముదిరితే చీము పడుతుంది. సంచులున్నవారిలో చాలామందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. కాబట్టి సంచి కనబడినంత మాత్రాన నొప్పి దానిదే అనలేం.

ఫ్రెంచి వైద్యుడు క్రువేలియే 1849లోనే ఈ సంచులను వర్ణించినా, వాటి వాపును ఒక జబ్బుగా పట్టించుకోవడానికి చాలా కాలం పట్టింది. 1907లో అమెరికాలోని రోచెస్టర్‌లో విలియం మేయో, విల్సన్, గిఫిన్‌లతో కలిసి డైవర్టిక్యులైటిస్‌కు ఆపరేషన్ చేసిన కేసులను ప్రచురించాడు. గట్టిపడిన పేగు చేతికి క్యాన్సర్ గడ్డలాగే తగిలేది; కోసి మైక్రోస్కోప్ కింద పెడితేగానీ తేడా తేలేది కాదు. తర్వాత వచ్చిన బేరియం ఎక్స్‌రే పేగు లోపలి రూపాన్ని చూపింది తప్ప గోడ అవతల సంగతి చెప్పలేకపోయింది. మందమెక్కిన గోడ, చుట్టూ చెదిరిన కొవ్వు, చీముగడ్డ, బయటపడ్డ గాలి, ఇవన్నీ 1980లలో సీటీ స్కాన్‌తో కనబడసాగాయి.

ఆ కాలంలోనే, 1983లో, అబుధాబి శివార్లలో మఫ్రఖ్ ఆసుపత్రి తెరుచుకుంది. దగ్గర్లోనే ముసఫ్ఫా ఫ్యాక్టరీలు, లేబర్ క్యాంపులు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లి ఎండలో పనిచేసే వాళ్లకు ఎడమవైపు నొప్పి వస్తే ముందుగా అనుమానించాల్సింది కిడ్నీ రాయిని. రాయి నొప్పి అలలు అలలుగా వచ్చి నడుము నుంచి గజ్జల్లోకి దిగుతుంది. మనిషి ఒకచోట ఉండలేక మెలికలు తిరిగిపోతాడు. డైవర్టిక్యులైటిస్ నొప్పి ఒకేచోట రోజుల తరబడి నిలుస్తుంది, తరచు జ్వరం తోడవుతుంది, పొట్ట లోపలి పొర వాస్తే రోగి కదలడానికే భయపడతాడు. స్త్రీలలో ట్యూబులో నిలిచిన గర్భం, మెలిపడ్డ అండాశయం కూడా గుర్తుంచుకోవాలి.

పాశ్చాత్య గ్రంథాల ‘ఎడమ పొత్తికడుపు’ సూత్రం అందరికీ చెల్లదు. తూర్పు ఆసియా వాసుల్లో సంచులు కుడివైపే ఎక్కువ. కుడివైపు సంచులు వాస్తే అచ్చం అపెండిసైటిస్‌లా ఉంటుంది.

2019లో మఫ్రఖ్ ఆసుపత్రి స్థానంలో షేక్ షఖ్‌బూత్ మెడికల్ సిటీ వచ్చింది. దాని నిర్వహణలో అదే రోచెస్టర్‌లోని మేయో క్లినిక్ భాగస్వామి అయింది. నేటి వైద్యంలోనూ సీటీ ఒక్కటే క్యాన్సర్ లేదని తేల్చలేని సందర్భాల్లో, వాపు తగ్గిన ఆరు వారాలకు కొలనోస్కోపీ చేస్తారు. వాపు మీదుండగా చేస్తే పేగుకు చిల్లుపడే ప్రమాదం.