మన అంబాసిడరు, దాని దాయాది

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. గుత్తి కోటను గురించి, మన్రో దొరను గురించి పెద్దలు చాలామంది వ్రాసియున్నారు. నేను ఒక కారు ఇంజనును గురించి వ్రాస్తున్నాను.

మూడేళ్ళ క్రితం బెంగుళూరులో మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు, పొరుగింటి పెద్దమనిషి తన ఎం.జి.ఎ. కారు చూపించారు. ఇద్దరు మాత్రమే కూర్చునే, పైకప్పు మడిచే ఎర్రకారు. తుప్పుపట్టి షెడ్డులో పడియున్నదాన్ని కొని, నాలుగేళ్ళు శ్రమపడి బాగుచేయించారట. బానెట్ ఎత్తగానే, ఆ ఇంజను ఎక్కడో చూసినట్లు తోచింది. ఆ మాటే అన్నాను. "మీ అంబాసిడరుదే కదండీ!" అని ఆయన నవ్వారు.

ఆ కథ ఇది. విలియం మోరిస్ ఆక్స్‌ఫర్డులో సైకిళ్ళు బాగుచేస్తూ జీవితం మొదలుపెట్టాడు. ఆయన మోరిస్ గ్యారేజెస్ పేరులోని మొదటి అక్షరాలే ఎం.జి. 1952లో మోరిస్, ఆస్టిన్ సంస్థలు ఏకమై బి.ఎం.సి. ఏర్పడింది. అక్కడి 1489 సి.సి. ఇంజనునే మోరిస్ ఆక్స్‌ఫర్డు అనే సంసారపక్షపు కారుకూ, 1955లో వచ్చిన ఎం.జి.ఎ.కూ అమర్చారు. ఎం.జి.ఎ.కు రెండు కార్బొరేటర్లు పెట్టి జోరు పెంచారు. 1962 వరకు లక్షకు పైగా తయారై, చాలావరకు విదేశాలకు వెళ్ళాయి.

ఆ మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాతోనే 1957లో కలకత్తా వద్ద ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడరు మొదలుపెట్టారు. కొద్ది కాలానికే ఈ 1489 సి.సి. ఇంజను దానికీ వచ్చింది. అక్కడ సముద్రపు గాలిలో పరుగులు తీసిన ఇంజనే, ఇక్కడ పత్తికొండ, తాడిపత్రి రోడ్లపై కరువు పనుల తనిఖీకి మన అధికారులను మోసింది. ఎండాకాలం రేడియేటరు మరిగితే, డిక్కీలోని డబ్బా తీసి నీళ్ళు పోసేవాణ్ణి నేనే. ఊళ్ళో తాగునీటికి బిందెలు బారులు తీరియుంటే, కారుకు నీళ్ళడగడానికి సిగ్గేసేది.

1986లో మా ఆఫీసు కారును కండెం చేయాలన్నారు. నోటు పెట్టినది నేనే. డ్రైవరు వచ్చి, "బాడీనే పోయింది సారూ, ఇంజను రాయిలాగుంది. ఒక్క మాట రాయండి" అని బతిమాలాడు. ఫారంలో ఆ మాటకు గడి లేదు. "మరమ్మతుకు పనికిరాదు" అని వ్రాసి సంతకానికి పంపాను. వేలంలో ఇనుప సామానువాడు కొనుక్కుపోయాడు. ఆ డ్రైవరు తరువాత నాతో ముక్తసరిగానే మాట్లాడేవాడు. ఇప్పుడు లేడు.

ఎం.జి. వారి అబింగ్డన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. బెంగుళూరు పెద్దమనిషి తాళం తిప్పగానే ఆ ముసలి ఇంజను ఒక్కసారికే అందుకుంది. మా డ్రైవరు చెప్పినది నిజమే. ఆ రోజు ఫారంలో గడి లేకపోయినా, మార్జినులో ఒక్క వాక్యం వ్రాసియుండవలసినది. ముప్పై ఆరేళ్ళు నోట్లు వ్రాసినవాడిని, వ్రాయని ఆ ఒక్క వాక్యమే నన్ను బాధిస్తున్నది. అందుకే ఇక్కడ వ్రాశాను.