హార్లెమ్ ఎండ, గోదావరి ఎండ: రైస్‌డాల్ చిత్రానికి డెల్టా వైపు నుంచి ఒక పరిశీలన

డచ్చి చిత్రకారుడు యాకొబ్ వాన్ రైస్‌డాల్ 1670-75 ప్రాంతంలో హార్లెమ్ పట్టణాన్ని చిత్రించాడు. ది హేగ్‌లోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం ఎత్తు 55.5 సెంటీమీటర్లు, వెడల్పు 62. అందులో మూడింట రెండు వంతులు ఆకాశమే. చూడగానే ప్రశాంతమైన ప్రకృతి దృశ్యం అనిపిస్తుంది. కానీ నీటినీ నేలనీ అదుపులో పెట్టుకుని బతికే డెల్టా మనిషి చూస్తే అందులో మొదట కనిపించేది పనే. ఈ వ్యాసం ప్రతిపాదన అదే.

ఎండ ఎక్కడ పడిందో చూద్దాం. దూరాన సెయింట్ బావో చర్చి మసకగా నిలబడి ఉంది. ముందున్న ఇసుక దిబ్బలు చాలావరకు నీడలో ఉన్నాయి. మబ్బుల సందుల్లోంచి దిగిన వెలుగు మాత్రం చలువ చేయడానికి గడ్డి మీద పొడవుగా పరిచిన నార బట్టలను పట్టుకుంది. వాటి మధ్య పనివాళ్లు చీమలంత ఉన్నారు. వర్షాకాలంలో గోదావరి డెల్టాలోని కోనసీమలో, మామిడికుదురు చేలమీద మబ్బు నీడలు పరుగెత్తడం చూసినవారికి ఈ వెలుగు కొత్తేమీ కాదు.

పని ఇలా వెలుగులో ఉంటే, తీరిక సంగతి వేరు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలోని మరో డచ్చి చిత్రకారుడు అవర్‌కాంప్ గీసిన శీతకాల చిత్రంలో (సుమారు 1608) నీళ్లు గడ్డకట్టగానే ధనికులు, పేదలు ఒకే మంచుమీద జారుతూ ఆడుకుంటారు. రైస్‌డాల్ చిత్రంలో ఆ తీరిక దిబ్బమీద నిలబడి చూసే మనకే ఉంది, కింద ఉన్నవారికి లేదు.

ఇక ప్రకృతి. అదీ మనిషి పనితో కలిసే ఉంది. హార్లెమ్ చలువకు పేరు తెచ్చినవి ఇసుక దిబ్బల నుంచి వచ్చే తేటనీరు, పాడి నుంచి మిగిలిన పులిసిన మజ్జిగ. గోదావరి డెల్టా పచ్చదనంలోనూ మనిషి చేయి ఉంది. 1847-52 మధ్య బ్రిటిష్ ఇంజనీరు కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలే అందుకు సాక్ష్యం.

ఈ రెండు ప్రాంతాల మధ్య బట్టల వ్యాపారమూ నడిచింది. 17వ శతాబ్దంలోనే డచ్చి ఈస్టిండియా కంపెనీ వసిష్ఠకు అవతల పాలకొల్లులోనూ, ఇటు ద్రాక్షారామంలోనూ స్థావరాలు పెట్టి తీరాంధ్ర నూలు బట్టలు కొనేది. కలంకారీ పనివారు బట్టను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో పరిచి, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ తెల్లబరిచేవారు. చిత్రంలోది నార బట్ట, మనది నూలు బట్ట. కానీ రెంటికీ ఎండే పనిముట్టు.

అయితే హార్లెమ్ పనివాళ్లకు తన చిత్రంలో అత్యంత వెలుగున్న చోటును రైస్‌డాల్ ఇచ్చాడు. కోనసీమను చూపే క్యాలెండర్లలో, పర్యాటక చిత్రాల్లో ఎక్కువగా కనిపించేవి కొబ్బరిచెట్లు, పడవలు, సూర్యాస్తమయాలు. చెట్టెక్కి దింపు తీసేవారు, కాయ వలిచేవారు, బండారులంక మగ్గాల నేతగాళ్లు వాటిలో అరుదు. మన చిత్రకళా విద్యార్థులు ఈ డచ్చి చిత్రాన్ని శ్రద్ధగా చదవాలి. తమ కోనసీమ చిత్రాల్లో ఆ పనివారికి వెలుగున్న చోటు ఇవ్వాలి.