ఆన్‌లైన్ పోకర్ ఆటగాళ్ల సొమ్ము – అమెరికా చెల్లింపుల నిషేధం

యూఐజీఈఏ అని పొడి అక్షరాలతో పిలిచే ‘అన్‌లాఫుల్ ఇంటర్నెట్ గ్యాంబ్లింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ యాక్ట్’ ఆన్‌లైన్ జూదం మీద అమెరికా 2006లో తెచ్చిన సమాఖ్య చట్టం. ఆడేవాడిని శిక్షించే సెక్షన్ ఇందులో లేదు. సైటుకూ బ్యాంకుకూ మధ్య డబ్బు నడిచే దారిని మూయడమే దీని పని. ఆ దారిలో నడిచేది మాత్రం ఆటగాడి సొమ్మే. తరువాతి పదేళ్లలో పోకర్ ఆటగాళ్ల డబ్బు పలుమార్లు పెద్ద ఎత్తున చిక్కుకుపోయింది. కొందరికి వారాల్లో తిరిగొచ్చింది, కొందరికి దాదాపు మూడేళ్లు పట్టింది, మరికొందరు ఆరేళ్లు ఎదురుచూశారు. వీళ్లందరి మీదా పనిచేసిన చట్టం ఒక్కటే. తేడా అంతా ఆటగాళ్ల నిల్వను ఏ సైటు ఎలా దాచిందన్న దగ్గర వచ్చింది.

చట్టం ఏం చెప్పింది

రేవుల భద్రత కోసం తెచ్చిన బిల్లు చివర ఈ నిబంధనలను చేర్చి, ఎన్నికల ముందు సమావేశాలు ముగిసే వేళ కాంగ్రెస్ ఆమోదించింది. అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ 2006 అక్టోబరు 13న సంతకం చేశారు. చట్టవిరుద్ధమైన ఇంటర్నెట్ జూదానికి సంబంధించి కార్డు, చెక్కు, ఎలక్ట్రానిక్ బదిలీ ద్వారా వచ్చే చెల్లింపును జూద వ్యాపారి తెలిసి స్వీకరించడం నేరమైంది. ఏ జూదం చట్టవిరుద్ధమో ఈ చట్టం తానుగా తేల్చలేదు, ఆ పనిని ఇతర సమాఖ్య, రాష్ట్ర చట్టాలకు వదిలేసింది. గుర్రప్పందాలకు, ఫాంటసీ క్రీడలకు వెసులుబాటు ఇచ్చింది. పోకర్ పేరు ఎక్కడా ఎత్తలేదు. దీంతో పోకర్ నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదం కోర్టుల్లో సాగుతుండగానే బ్యాంకులు తమ జాగ్రత్త తాము చూసుకోవాల్సి వచ్చింది.

బ్యాంకులు పాటించాల్సిన నియమాలను ఫెడరల్ రిజర్వు, ఖజానా శాఖ 2008 నవంబరులో ఖరారు చేశాయి. వాటిని అమలు చేయడానికి గడువు 2010 జూన్ 1 దాకా సాగింది. కార్డుల సంగతి అంతకుముందే కష్టంగా ఉండేది. కార్డు సంస్థలు ప్రతి వ్యాపారానికీ ఒక సంకేత సంఖ్య ఇస్తాయి. జూదానికి ఇచ్చింది 7995. ఆ సంఖ్యతో అభ్యర్థన వస్తే చాలు, కార్డు ఇచ్చిన బ్యాంకు తిప్పికొట్టవచ్చు. అందుకే బ్యాంకు నుంచి ఎలక్ట్రానిక్ వాలెట్‌కు, వాలెట్ నుంచి సైటుకు డబ్బు పంపడం ఆటగాళ్లకు అలవాటైంది. గెలిచిన సొమ్మూ అదే దారిలో వెనక్కి వచ్చేది, ఒక సైటు నుంచి ఇంకో సైటుకు మారాలన్నా అదే దారి.

ఎవరు వెళ్లారు, ఎవరు ఉన్నారు

లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన పార్టీగేమింగ్ అప్పట్లో ఈ రంగంలో అగ్రగామి. చట్టంపై సంతకం పడగానే అది అమెరికా ఆటగాళ్లకు డబ్బు పందెం ఆటలు ఆపేసింది. ఈ సంస్థకు మన నేలతో నేరుగా సంబంధం ఉంది. దాని సాఫ్ట్‌వేర్, కస్టమర్ సేవల పనిలో చాలా భాగం హైదరాబాదులోని ఐవీ కాంప్‌టెక్‌లో జరిగేది. సహవ్యవస్థాపకుడు అనురాగ్ దీక్షిత్ ఢిల్లీ ఐఐటీలో చదివిన ఇంజనీరు. 2006కు ముందటి వ్యాపారం విషయంలో ఆయన 2008 డిసెంబరులో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకుని, 30 కోట్ల డాలర్లు వదులుకోవడానికి అంగీకరించారు.

స్టాక్ మార్కెట్లో లేని సంస్థలు మాత్రం కొనసాగాయి. పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్ పోకర్, అబ్సొల్యూట్ పోకర్ అమెరికా మార్కెట్‌ను పంచుకున్నాయి. సైట్లు ఉన్నా దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. 2007 జనవరిలో నెటెలర్ అనే వాలెట్ సంస్థ వ్యవస్థాపకులిద్దరినీ అమెరికా అధికారులు అరెస్టు చేశారు. ఆ సంస్థ అమెరికా వదిలి వెళ్లింది. అక్కడి ఖాతాదారుల సొమ్ము నెలల తరబడి నిలిచిపోయి, జూలై చివర్లో గానీ చేతికి రాలేదు. 2009 జూన్‌లో సైట్ల తరఫున డబ్బు నడిపే పేమెంట్ ప్రాసెసర్ల బ్యాంకు ఖాతాలను న్యూయార్క్ ప్రాసిక్యూటర్లు స్తంభింపజేశారు. అప్పుడు సుమారు 27,000 మంది ఆటగాళ్లకు చెందిన 3.4 కోట్ల డాలర్లు ఆగిపోయాయి. గెలుపు సొమ్ముగా సైటు పంపిన చెక్కు బ్యాంకులో వేసినవాళ్లకు అది చెల్లకుండా తిరిగొచ్చింది. వాళ్ల మీద ఏ నేరారోపణా లేదు, అయినా సొంత డబ్బు తీసుకోలేకపోయారు. ఈ చట్టంలో అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే.

దారులు మూసుకుపోయేకొద్దీ దొంగదారులు పెరిగాయి. నగలు, గోల్ఫ్ బంతులు అమ్ముతున్నట్టు కాగితం మీద వందలాది దొంగ ఆన్‌లైన్ దుకాణాలు సృష్టించి, వాటి పేరు మీద పోకర్ జమలను బ్యాంకుల్లో నడిపించారు. యూటా రాష్ట్రంలోని సన్‌ఫస్ట్ బ్యాంకులో కోటి డాలర్ల పెట్టుబడి పెట్టి, పోకర్ చెల్లింపులు చూసుకునేలా ఒప్పించారన్న ఆరోపణ కూడా కేసులోకి వచ్చింది. అక్కడి నుంచి విషయం జూదం దాటి బ్యాంకులను మోసగించిన నేరంగా మారింది.

తెర మీది అంకె

2010 ఆగస్టు నుంచి ఫుల్ టిల్ట్‌కు అమెరికాలో నమ్మకమైన ప్రాసెసర్లు కరువయ్యారు. ఆటగాళ్ల బ్యాంకు ఖాతాల నుంచి డబ్బు లాగడం కుదరలేదు. ఆ సంగతి బయటపడితే ఆట ఆగిపోతుందని, లాగని డబ్బును కూడా వచ్చినట్టే ఖాతాల్లో చూపించడం మొదలుపెట్టింది. దీని లోతు తెలియాలంటే ఒక్క ఆట చూస్తే చాలు. ఒక ఆటగాడు 500 డాలర్లు జమ చేయమని నొక్కుతాడు. తెర మీద 500 కనిపిస్తుంది. బల్ల దగ్గర కూర్చుని ఓడిపోతాడు. ఆ 500 ఎదుటివాడి ఖాతాలోకి వెళ్తుంది. మొదటివాడి బ్యాంకు ఖాతాలో మాత్రం ఒక్క సెంటు కూడా తగ్గలేదు. గెలిచినవాడి దగ్గర ఉన్నది ఎక్కడా లేని సొమ్ము. అతను దానితో ఇంకో బల్ల మీద ఆడతాడు, ఇంకొకడు గెలుస్తాడు. కొద్ది రోజుల్లో ఎవరి నిల్వలో ఎంత నిజమో విడదీయడం అసాధ్యమైపోతుంది. 2011 ఏప్రిల్ నాటికి ఇలా వసూలు కాని సొమ్ము దాదాపు 13 కోట్ల డాలర్లకు చేరింది.

ఆ నెల 15వ తేదీ శుక్రవారం. ప్రీత్ భరారా నాయకత్వంలోని న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు మూడు సైట్లకు సంబంధించి 11 మంది మీద అభియోగాలు బయటపెట్టి, సైట్ల డొమైన్ పేర్లను స్వాధీనం చేసుకున్నారు. సివిల్ దావాలో కనీసం 300 కోట్ల డాలర్లు కోరారు. పోకర్ లోకంలో ఆ రోజుకు ‘బ్లాక్ ఫ్రైడే’ అనే పేరు స్థిరపడింది. పోకర్‌స్టార్స్ ఆటగాళ్ల సొమ్మును వ్యాపార ఖర్చులకు కలపకుండా వేరే ఖాతాల్లో ఉంచింది. ప్రభుత్వంతో ఒప్పందం కుదరగానే, ఏప్రిల్ చివరి వారంలోనే అమెరికా ఆటగాళ్లకు చెల్లింపులు మొదలుపెట్టింది.

ఫుల్ టిల్ట్‌లో అటువంటి ఏర్పాటే లేదు. మార్చి చివరికి ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్లకు సుమారు 39 కోట్ల డాలర్లు బాకీ ఉండగా, బ్యాంకుల్లో ఉన్నది 6 కోట్లే. 2007 ఏప్రిల్ నుంచి యజమానులు, డైరెక్టర్లు 44 కోట్లకు పైగా పంచుకున్నారని సెప్టెంబరులో ప్రాసిక్యూటర్లు సవరించిన దావాలో పేర్కొన్నారు. లైసెన్సు ఇచ్చిన ఆల్డర్నీ ద్వీప కమిషన్ జూన్‌లో దాన్ని నిలిపివేసి, సెప్టెంబరులో రద్దు చేసింది. తనిఖీ చేయాల్సిన కమిషన్ అన్నాళ్లూ ఆ ఖాతాలను లోతుగా చూడకపోవడం క్షమించరానిది. ఆశ వదులుకున్న ఆటగాళ్లు కొందరు తమ నిల్వలను అసలు విలువలో చిన్న భాగానికి అమ్ముకున్నారు. పోకరే జీవనాధారంగా ఉన్న మరికొందరు కెనడా, మెక్సికోలకు మకాం మార్చి, అక్కడి చిరునామాతో, అక్కడి బ్యాంకు ఖాతాతో ఆట కొనసాగించారు.

2012 జూలై 31న పోకర్‌స్టార్స్ అమెరికా న్యాయశాఖతో రాజీ కుదుర్చుకుంది. 54.7 కోట్ల డాలర్లు ప్రభుత్వానికి, 18.4 కోట్లు ఇతర దేశాల ఫుల్ టిల్ట్ ఆటగాళ్లకు చెల్లించి, ఫుల్ టిల్ట్ ఆస్తులను తీసుకుంది. విదేశీ ఆటగాళ్లకు ఆ నవంబరులోనే ఖాతాలు తెరుచుకున్నాయి. అమెరికా వాళ్లు మాత్రం గార్డెన్ సిటీ గ్రూప్ అనే సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. 2014 ఫిబ్రవరి 28న మొదటి విడతగా సుమారు 27,500 మందికి 7.6 కోట్ల డాలర్లు అందాయి. అబ్సొల్యూట్ పోకర్ బాధితుల వంతు 2017లో వచ్చింది.

తరువాతి స్థితి

1961 నాటి వైర్ చట్టం క్రీడా పందేలకే వర్తిస్తుందని న్యాయశాఖ 2011 డిసెంబరులో అభిప్రాయం వెలువరించింది. పోకర్‌కు ఆ అడ్డు తొలగడంతో 2013లో నెవాడా, డెలావేర్, న్యూజెర్సీలలో లైసెన్సు ఉన్న సైట్లు తెరుచుకున్నాయి. న్యూజెర్సీ నిబంధనల ప్రకారం ఆటగాళ్ల నిల్వను సంస్థ సొంత డబ్బుతో కలపకూడదు. అయినా తొలి రోజుల్లో చాలా బ్యాంకులు పాత భయంతో కార్డులను తిప్పికొట్టాయి. లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ జూదానికి కార్డు సంస్థలు తరువాత 7801 అనే విడి సంఖ్య తెచ్చాయి. లైసెన్సు లేని విదేశీ సైట్లు బిట్‌కాయిన్ వైపు మళ్లాయి. ఆ దారిలో పొరపాటున పంపిన సొమ్మును వెనక్కి రప్పించమని అడగడానికి బ్యాంకు ఉండదు.

భారతదేశం 2025లో తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా చెల్లింపుల దారినే పట్టుకుంది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆటలు నడిపేవాళ్లకే గాక, వాటి చెల్లింపులు జరిపే సంస్థలకు కూడా మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. ఆటగాళ్లకు శిక్ష లేదు. తెలుగు రాష్ట్రాలు ఈ తలుపు అంతకుముందే మూశాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆర్డినెన్సులు తెచ్చి తమ 1974 నాటి జూద చట్టాల కిందికి ఆన్‌లైన్ పేకాటను చేర్చాయి. 2025 ఆగస్టులో దేశంలోని పెద్ద పోకర్, రమ్మీ సైట్లు జమలు ఆపి, విత్‌డ్రాలను తెరిచి ఉంచాయి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, ఆ నిల్వ తీసుకున్నవాళ్ల నికర గెలుపులో 30 శాతం టీడీఎస్‌గా కోత పడింది.