చిట్టా, ఆవర్జా: వర్తకుని లెక్కల చరిత్రము



మన సభలయందు పూర్వులు కట్టించిన సత్రములను, త్రవ్వించిన చెఱువులను, చేసిన అన్నదానములను గూర్చి చెప్పుకొనుట పరిపాటి. ఆ ధర్మములకు వలయు ధనము ఎట్లు కూడెనో, కూడినది చెదరక యెట్లు నిలిచెనో విచారించువారు మాత్రము తక్కువ. దానిని నిలిపినది, అంగడి తలుపు మూసిన పిమ్మట దీపము ముందఱ ప్రతిరాత్రియు వ్రాయబడిన చిట్టా. దాని చరిత్రమును, చిన్న వర్తకునకు అది చేయు మేలును ఈ వ్యాసమున యథాశక్తి వివరింప బూనితిని.

మొదట మా యింటి సంగతి యొకటి మనవి చేసెదను. అణాలు, కానులు చెల్లుచున్న దినములలో మా పితామహులు ఒక చిన్న గ్రామమున కిరాణా యంగడి నడపిరి. ఒక కార్తికమాసమున జ్వరము తగిలి నాలుగు దినములలోనే గతించిరి. మా నాయనమ్మగారి చేతికి చిక్కినది ఇనుపపెట్టెలోని కొద్దిపాటి రొక్కమును, ఎఱ్ఱగుడ్డ అట్ట కట్టిన రెండు పుస్తకములును మాత్రమే. ఆమె వానిని ఊరి పెద్ద యొకరిచే చదివించెను. బాకీదారులలో ఒకడు తాను ఏమియు నీయవలసినది లేదనగా, అతడు సరకు గొనిపోయిన దినపు చిట్టాను తీసి చూపిరి. ఆ దినమున అతని పద్దునకు ముందు వెనుకల ఊరివారి పద్దులే యుండుటచే అతడు మాఱుపలుకక చెల్లించెను. అదే పుస్తకమున, బస్తీలోని సాహుకారునకు మేము ఈయవలసిన మొత్తమొకటి కానవచ్చెను. ఆయనయొద్ద కాగితమేమియు లేదు. అయినను నాయనమ్మగారు ఆ ఋణమును వడ్డితోగూడ తీర్చిరి. పుస్తకము మనకు ఒక మాటయు, పరులకు ఒక మాటయు చెప్పదని ఆమె యనుచుండెడివారు. ఆ సాహుకారు పిమ్మట మా యంగడికి కాగితము లేకయే సరకు పంపుచు వచ్చెను. ఇట్లు ఆ రెండు పుస్తకములే మా కుటుంబమును నిలిపినవి.

పూర్వచరిత్రము

లెక్కవ్రాత మన దేశమునకు క్రొత్తది గాదు. 1909లో మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున అక్షపటలమను లెక్కల కార్యాలయమునకు ప్రత్యేకముగా ఒక యధ్యాయమే కలదు. సంవత్సరమునకు 354 అహోరాత్రములని గణించి, ఆషాఢమాసాంతమున లెక్క ముగింపవలెనని అందు విధింపబడినది. అధికారులు ధనమపహరించు మార్గములు నలువదియని కౌటిల్యుడు లెక్కించెను. అయితే అది రాజుగారి బొక్కసపు లెక్క. వర్తకుని లెక్కకు వలయు గణితము వేఱుచోట వృద్ధిజెందెను. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించి వడ్డి, భాగస్వామ్యము మొదలగు వ్యవహారములను సూత్రబద్ధము గావించెను. పావులూరి మల్లన దానిని తెనిగించి మన భాషకు గణితకావ్యము నొసగెను.

1244-45 ప్రాంతమున కాకతీయ గణపతిదేవచక్రవర్తి మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము సుప్రసిద్ధము. పగిలిన ఓడలనుండి ఒడ్డుచేరిన సరకును రాజులు హరించు వాడుకను మాన్పి, నియతమైన సుంకము మాత్రమే గ్రహింతునని ఆయన వర్తకులకు అభయమిచ్చెను. రాజు ఇష్టానుసారముగా గొనునప్పుడు లెక్కతో పనిలేదు. సుంకము సరకునుబట్టియు, పరిమాణమునుబట్టియు నియతమైనప్పుడు అధికారికిని వర్తకునకును గూడ లెక్క యావశ్యకమగును.

గ్రామకరణములు తాటాకులపై గంటముతో వ్రాసిన లెక్కలకు కవిలెలని పేరు. కర్నల్ కాలిన్ మెకంజీ దొర దేశచరిత్రమును సేకరించుచు వ్రాయించిన కైఫీయత్తులకు అనేకగ్రామములలో ఈ కవిలెలే ఆధారములైనవి. తాటాకునకు తోడుగా కడితము ఉండెడిది. గుడ్డకు బొగ్గుమసి కలిపిన పూత పూసి, ఆరబెట్టి, మడతలుగా మడచి, దానిపై బలపముతో వ్రాయుచుండిరి. ఇప్పటి కాగితపు పుస్తకము ఈ రెండింటికిని వారసురాలు.

చిట్టాయు ఆవర్జాయు

మన లెక్కలలోని పదములే మన చరిత్రమును చెప్పును. పద్దు, నిలువ, అప్పు అనునవి తెలుగుమాటలు. వడ్డి సంస్కృతమునందలి వృద్ధికి తద్భవము. జమ, బాకీ అరబ్బీనుండియు, ఆవర్జా పారసీకమునుండియు, చిట్టా, ఖాతా హిందూస్థానీనుండియు వచ్చినవి. సుల్తానుల కాలపు దివాణములనుండియు, దేశదేశముల వర్తకులతోడి బేరములనుండియు మనవారు తమకు పనికివచ్చిన మాటను నిస్సంకోచముగా గ్రహించిరి.

చిట్టా యనగా ఆనాటి వ్యవహారములను జరిగిన వరుసలోనే వ్రాయు పుస్తకము. ఆవర్జా యనగా ఆ పద్దులనే మనిషికి మనిషికి, సరకునకు సరకునకు వేఱుచేసి ఖాతాలుగా దింపు పుస్తకము. ఎప్పుడు జరిగినదని యడిగినచో చిట్టా చెప్పును. ఎవరు ఎంత యీయవలెనని యడిగినచో ఆవర్జా చెప్పును. ఒకటి లేనిచో రెండవది కుంటిది. మన పద్ధతిని ఎడమప్రక్క జమయు, కుడిప్రక్క ఖర్చును వ్రాయుదురు. నిన్నటి నిలువకు నేటి జమ చేర్చి, ఖర్చు తీసివేయగా మిగిలినది పెట్టెలోని రొక్కముతో సరిపోవలెను. సరిపోనిచో ఆ రాత్రియే వెదకవలెను. నేటి తప్పు నేడు జ్ఞాపకముండును. నెల గడచిన పిమ్మట దానిని దేవుడుగూడ చెప్పజాలడు.

రూపాయకు పదునాఱు అణాలు, అణాకు పండ్రెండు దమ్మిడీలు చొప్పున, అనగా రూపాయకు 192 దమ్మిడీల లెక్కతో ఈ నిలువను నోటనే కట్టి చెప్పిన గుమాస్తాల బుద్ధి కొనియాడదగినది. 1957 ఏప్రిలు 1వ తేదీన రూపాయకు నూఱు పైసలైన పిమ్మట కూడిక సులభమైనది గాని, వ్రాయవలసిన యావశ్యకత తగ్గలేదు.

ఇటలీదేశపు పద్ధతి

ఇప్పుడు లోకమంతట వ్యాపించిన జంటపద్దు విధానము ఇటలీదేశపు వర్తకనగరములలో రూపొందినది. 1202లో పీసానగరపు లియొనార్డో తన గ్రంథమూలమున మన దేశపు అంకెలను ఆ దేశమువారికి విరివిగా తెలియజేసెను. అయినను ఆ అంకెలు వెంటనే ఆదరింపబడలేదు. 1299లో ఫ్లారెన్సు నగరపు సరాఫుల సంఘము వానితో లెక్కపుస్తకములు వ్రాయగూడదని శాసించెను. అంకెను దిద్దుట సులభము, అక్షరమును దిద్దుట కష్టము అనునది అందులకు చెప్పబడు కారణము. మనవారు మొత్తమును అంకెలతో వ్రాసి, ప్రక్కనే "అక్షరాల" అని మరల మాటలలో వ్రాయుటయు ఈ జాగ్రత్తకొఱకే గదా!

1494లో లూకా పాచియోలీ యను క్రైస్తవసన్న్యాసి వెనిసునగరమున ముద్రింపించిన గణితగ్రంథమున లెక్కవ్రాతకు 36 అధ్యాయములు కేటాయించెను. ఈ విధానమును తాను కల్పించితినని ఆయన చెప్పుకొనలేదు. వెనిసు వర్తకుల యాచారమునే క్రమపఱచి వ్రాసెను. మొదట వర్తకుడు తనకుగల ఆస్తి, అప్పుల జాబితా వ్రాసికొనవలెను. పిమ్మట మూడు పుస్తకములు: జరిగినది జరిగినట్లు వ్రాయు చిత్తు, దానిని క్రమపఱచు చిట్టా, ఖాతాలుగల ఆవర్జా. ప్రతి వ్యవహారమును ఆవర్జాయందు రెండుచోట్ల, ఒక ఖాతాకు జమగను వేఱొకదానికి ఖర్చుగను, చేరును. కనుక అన్ని జమలును అన్ని ఖర్చులును సమానము కావలెను. ఆ సరిచూచు పట్టికను మనవారు అంకణా యందురు.

ఈ విధానము మన దేశముననే పుట్టి ఇటలీకి పోయెనని 1986లో లాల్ నిగమ్ గారు ఒక వ్యాసమున వాదించిరి. మఱుసటియేడు క్రిస్టఫర్ నోబ్స్ గారు అందులకు తగిన యాధారములు లేవని ప్రత్యుత్తరమిచ్చిరి. మనకు అభిమానము కలుగుట సహజమే గాని, లెక్క వ్రాయువాడు రుజువులేని పద్దును జమకట్టగూడదు. అంకెలు మనవి, విధానము వారిది. ఇచ్చిపుచ్చుకొనుట వర్తకులకు సిగ్గుపడదగిన విషయము గాదు.

ఒక దృష్టాంతము

చిన్న యంగడికి ఇంత విస్తారమేల యని కొందఱు మిత్రులు ప్రశ్నింతురు. పెట్టెలో రొక్కము పెరిగినచో లాభము, తఱిగినచో నష్టమని వారి నమ్మకము. ఈ నమ్మకమువలన చెడిన యంగళ్లను నేనెఱుగుదును. ఒక నెల లెక్కను పరిశీలింపుడు.

నెల మొదట ఒక యంగడిలో సరకు 40,000 రూపాయలు, రొక్కము 10,000, మూలధనము 50,000. ఆ నెలలో రొక్కపు టమ్మకము 60,000, అరువు టమ్మకము 8,000. కొన్న సరకు 55,000. అందు రొక్కమిచ్చినది 35,000, అప్పు పెట్టినది 20,000. అద్దె మొదలగు ఖర్చులు 5,000. ఇంటిఖర్చునకు తీసికొన్నది 10,000. నెలాఖరున పెట్టెను లెక్కింపగా 20,000 ఉన్నది. పదివేలు ఇరువదివేలయ్యెనని యజమాని సంతసించి, ఒక శుభకార్యమునకు ఘనముగా ఖర్చుపెట్టదలచును.

ఆవర్జా వేఱుమాట చెప్పును. మిగిలిన సరకును తూచి వెలకట్టగా 37,000. రొక్కము 20,000, రావలసిన బాకీలు 8,000 చేర్పగా 65,000. అందుండి ఈయవలసిన 20,000 తీసివేసినచో నిలిచినది 45,000 మాత్రమే. ఇంటికి గొన్న పదివేలు కలిపి చూచినచో ఆ నెల నిజమైన లాభము 5,000. ఆర్జించినది ఐదువేలు, అనుభవించినది పదివేలు. పెట్టె రెట్టింపగుచుండగనే మూలధనమున ఐదువేలు కరగిపోయినవి. ఆ ఇరువదివేల రొక్కమును సరకిచ్చిన సాహుకారునిదే! ఇట్లు పది నెలలు గడచినచో 50,000ల మూలధనమును శూన్యమగును. యజమానికి ఆ సంగతి అప్పులవాడు గుమ్మమెక్కిననాడుగాని తెలియదు.

కావున ఇంటికి తీసికొన్న పప్పునైనను, పైసనైనను యజమాని పేరిట ఖర్చు వ్రాయవలెను. అంగడి వేఱు, ఇల్లు వేఱు అను ఈ యొక్కమాటయే లెక్కవ్రాతకు ప్రాణము.

న్యాయస్థానమున లెక్క

1872 నాటి సాక్ష్యచట్టపు 34వ సెక్షను, వ్యాపారక్రమమున నియతముగా వ్రాయబడిన లెక్కపుస్తకములలోని పద్దులు సాక్ష్యమునకు పనికివచ్చునని చెప్పెను. అయితే ఆ పద్దులు మాత్రమే యొకనిపై బాధ్యత మోపుటకు చాలవనియు చెప్పెను. 2024 జూలై 1న ఆ చట్టమునకు బదులు భారతీయసాక్ష్య అధినియమము అమలునకు వచ్చినను ఈ సూత్రము నిలిచియే యున్నది. విడికాగితములు పుస్తకమనిపించుకొనవని 1998లో సుప్రీంకోర్టు ఒక ప్రసిద్ధవ్యవహారమున నిర్ణయించెను. చీటీలను చువ్వకు గ్రుచ్చి అదియే లెక్కయనుకొను సోదరులు దీనిని గమనింతురుగాక. అరువిచ్చిన సరకు సొమ్మునకు సామాన్యముగా మూడేండ్లలోపల దావా వేయవలెను. ఆ గడువు దాటకముందే బాకీదారుడు ఒప్పుకొని వ్రాతమూలముగా సంతకము చేసినచో, గడువు ఆ దినమునుండి మరల ప్రారంభమగును. ఏటేట ఖాతా చూపి సంతకము పుచ్చుకొను మన పెద్దల యలవాటులో ఎంత వివేకమున్నదో చూడుడు.

విజ్ఞప్తి

ఇప్పుడు లెక్కలు యంత్రములలోను, చేతిలోని ఫోనులలోను వ్రాయబడుచున్నవి. మంచిదే. తాటాకును వదలి కడితమును, కడితమును వదలి కాగితమును గ్రహించిన మనకు ఇదియు నొక మార్పు మాత్రమే. కాని యంత్రము కూడగలదు; చెప్పని పద్దును ఊహింపజాలదు. ఏనాటి వ్యవహారమును ఆనాడే వ్రాయుట, రొక్కమును నిలువతో సరిచూచుట, ఇంటిని అంగడినుండి వేఱుచేయుట, ఏడాదికొకసారియైన సరకును తూచి ఆస్తి అప్పుల పట్టిక కట్టుట: ఈ నాలుగును మనుష్యుడు చేయవలసిన పనులు.

ఇంకొక్క మనవి. లెక్క చదువుటను మన యిండ్లలో కుమారులకు మాత్రమే గాక కుమార్తెలకును, కోడండ్రకును నేర్పవలెను. మా నాయనమ్మగారు పుస్తకమును పరులచే చదివించుకొనవలసివచ్చెను. చదివిన పెద్దమనిషి ధర్మాత్ముడగుటచే మేము బ్రతికితిమి. అందఱకు అట్టి యదృష్టము పట్టదు. ధాన్యము కొలుచునప్పుడు మనవారు మొదటి కొలతను ఒకటి యనక "లాభము" అందురు. ఆ శుభవాక్యము నిజమో కాదో తేల్చునది రాత్రి వ్రాయు చిట్టాయే. ప్రతి గృహమునను అది తెగక సాగుగాక యని ప్రార్థించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాను.