పశువుల్లో అజీర్ణం, కడుపు ఉబ్బరం: ఏ మందు ఎప్పుడు వాడాలి?

పశువు మేత మానేసి, నెమరు ఆపేసి, ఎడమ డొక్క ఉబ్బితే చాలామంది రైతులు వెంటనే వంట సోడా నీళ్లు తాగిస్తారు. ఇది అన్ని వేళలా పనికిరాదు. ఒక రకం అజీర్ణాన్ని తగ్గించే సోడా మరో రకంలో ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే మందు పోసే ముందు పశువు ఏం తిన్నదో తెలుసుకోవాలి. కింది మోతాదులు పెద్ద పశువులకు మాత్రమే.

మామూలు అజీర్ణం

మేత ఒక్కసారిగా మార్చినప్పుడు వస్తుంది. ఎడమ డొక్కపై పిడికిలి అదిమి చూడండి. ఆరోగ్యంగా ఉంటే నిమిషానికి ఒకటి రెండు సార్లు పొట్ట కదలిక చేతికి తగులుతుంది. అజీర్ణంలో ఇది మందగిస్తుంది. దాణా ఆపి ఎండుగడ్డి, నీరు ఇవ్వండి. హిమాలయన్ బత్తీసా వంటి ఆకలి పెంచే పొడులను ప్యాకెట్‌పై ఉన్న మోతాదులో వాడవచ్చు.

ధాన్యం, అన్నం ఎక్కువ తిన్నప్పుడు

పెళ్లిళ్లలో మిగిలిన అన్నం, జొన్నలు, మొక్కజొన్న, బియ్యం ఎక్కువ తింటే పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. పుల్లటి వాసనతో పలుచగా పేడ వేస్తుంది. వంట సోడా పనిచేసేది ఇక్కడే. 100-150 గ్రాములు ఒకటి రెండు లీటర్ల నీటిలో కలిపి తాగించండి. డొక్క అప్పటికే బిగుసుకుని ఉంటే సోడా ఇవ్వవద్దు, వాయువు ఇంకా పెరుగుతుంది. పశువు పడిపోతే రక్తంలోకి ద్రవాలు ఎక్కించాల్సిందే.

లేత పచ్చిమేతతో నురగ ఉబ్బరం

మంచు తడి ఆరని లూసర్న్, బర్సీమ్ వంటి పప్పుజాతి మేత తింటే వాయువు నురగలో చిక్కుకుపోతుంది. వేరుశనగ నూనె లేదా మరే వంటనూనె అయినా 250-500 మి.లీ. తాగిస్తే నురగ విరుగుతుంది. సిమెథికోన్ ఉన్న ద్రవ మందులు కూడా ఇందుకే. మామిడికాయ, టెంక వంటివి గొంతుకు అడ్డుపడి ఉబ్బితే నూనె పనిచేయదు. అప్పుడు నోట్లో ఏమీ పోయకుండా డాక్టరును పిలవండి.

యూరియా తిన్నప్పుడు

యూరియా బస్తా నాకినా, యూరియా కలిసిన నీరు తాగినా గంటలోపే వణుకు, నోట నురగ, ఉబ్బరం వస్తాయి. ఇక్కడ సోడా ఇవ్వనే కూడదు. పొట్టలో తయారైన అమ్మోనియా మరింత వేగంగా రక్తంలో కలుస్తుంది. వెనిగర్ 2-4 లీటర్లు, దానితో పాటు ఎక్కువ చల్లని నీరు ఇవ్వాలి. కాళ్లు కొట్టుకుంటుంటే నోటి ద్వారా పోయవద్దు. డాక్టరు గొట్టం ద్వారా పంపుతారు.

తాగించేటప్పుడు

- తల మరీ పైకెత్తవద్దు, నాలుక బయటికి లాగవద్దు.
- కొద్దికొద్దిగా, మింగేందుకు వ్యవధి ఇస్తూ పోయండి.
- దగ్గితే వెంటనే ఆపి తల వదిలేయండి. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.
- పడుకుని లేవలేని పశువుకు తాగించవద్దు.

ఊపిరి ఆడక నోరు తెరిచి నాలుక చాపినా, పడిపోయినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయవద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవలు అందుతాయి. పశువు ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది, ఇప్పటికే ఏం పోశారు అన్నవి దాచకుండా చెప్పండి. సరైన మందు ఎంచుకోవడానికి డాక్టరుకు ఈ వివరాలే ఆధారం.